గుండ్లకమ్మకు ముందు 15 నెలలు

ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవారికి 2,222 అనే అంకె గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. మన సువార్త మహాసభల్లో ఏదో ఒక ప్రసంగంలో ఈ అంకె వినిపించక మానదు. నేనూ చెప్పాను. సెమినరీ నుంచి వచ్చిన కొత్తలో పెంతెకొస్తు దినాన చేరిన మూడువేలమంది పక్కన ఈ 2,222 మందిని నిలబెట్టి ప్రసంగాలు చేశాను. సభ గట్టిగా ఆమేన్ అనేది. నాకు సంతోషంగా ఉండేది.

ఆ జూలైకి ముందు జరిగినది మాత్రం మనం చెప్పుకోము. 1877 మార్చి మొదలు 1878 జూన్ దాకా, సుమారు 15 నెలలపాటు, అదే మిషనరీ కరువులో చేరవచ్చిన జనానికి బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశారు. అడిగేవారు లేక కాదు. వందలు వేలుగా అడుగుతూనే ఉన్నారు. ఆయనే వద్దన్నారు. ఈ వారం ఆ 15 నెలల గురించి రాయాలనిపించింది. కారణం చివర్లో చెబుతాను.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. పడమటి రాష్ట్రాల్లో, వ్యవసాయ కుటుంబంలో పెరిగారు. యౌవనంలో మిన్నెసోటా అడవుల్లో సర్వేయర్ల బృందంతో కలిసి భూములు కొలిచే పనిచేశారు. లాయరు కావాలనుకున్నారు. చదువుకోసం బర్లింగ్టన్‌కు వెళ్లినచోట ప్రభువును తెలుసుకుని బాప్తిస్మం పొందారు. భూములు కొలిచిన ఆ అనుభవం మిషనరీకి ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అనుకుని ఉంటే, దేవుడు దానిని ఎక్కడ వాడుకున్నాడో ముందు చూస్తారు.

అప్పటికి తెలుగు బాప్టిస్టు మిషను పరిస్థితి ఏమీ బాగాలేదు. 1836లో శామ్యూల్ డే దొరగారు వచ్చింది మొదలు దాదాపు ముప్ఫై ఏళ్లలో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత ఫలితమే కనిపించింది. మిషను మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. సెలవుమీద స్వదేశానికి వెళ్లిన లైమన్ జ్యువెట్ దొరగారు, ఎవరూ పంపకపోయినా తాను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే చనిపోతానని పట్టుబట్టారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద మోకాళ్లూని, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించిన అయిదుగురిలో ఆయనొకరు. నేటికీ మనం ప్రార్థన కొండ అంటున్నది దానినే. ఆ జ్యువెట్‌గారితో కలిసి, భార్య హారియెట్‌నూ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని, క్లౌగారు 1864 నవంబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కారు. 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. 1866 సెప్టెంబరులో కాపురం ఒంగోలుకు మార్చారు.

చరిత్రను న్యాయంగా చెప్పాలంటే ఇక్కడ కాసేపు క్లౌగారిని పక్కనపెట్టి యర్రగుంట్ల పేరయ్యగారి దగ్గరకు రావాలి. ఒంగోలుకు పడమరగా, నలభై మైళ్ల దూరంలో ఉన్న తలకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల పని చేసేవారు. నిజమైన దేవుడెవరని వెదుకుతూ యోగమార్గం పట్టి, గురువుల దగ్గర నేర్చుకుని, చివరికి తానే కొందరికి బోధించే స్థితికి వచ్చిన మనిషి. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నారు. అది మొదలు ఆయన మనస్సు నిలవలేదు. ఒంగోలుకు మిషనరీలు వచ్చారని తెలిసి, భార్యతో కలిసి నడిచివచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటికి తిరిగి వెళ్లాక ఎవరూ జీతం ఇవ్వకుండానే, ఎవరూ పంపకుండానే, తన వృత్తి చేసుకుంటూ పాలెం నుంచి పాలేనికి తిరిగి తనవారికి చెప్పారు.

1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌగారు తలకొండపాడు వెళ్లారు. చుట్టుపక్కల ఊళ్లవారు కొన్ని రోజులకు సరిపడా తిండి మూటకట్టుకుని వచ్చి చింతతోపులో దిగారు. క్లౌగారికి అప్పటికి తెలుగు రెండేళ్ల పాతది కూడా కాదు. అయినా అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. విత్తినవాడు పేరయ్య, కోసినవాడు క్లౌ. మన పుస్తకాల్లో అట్టమీద బొమ్మ మాత్రం ఎప్పుడూ దొరగారిదే.

ఒంగోలులో మొదటి పరీక్ష కులం రూపంలోనే వచ్చింది. ఊళ్లోని పైకులాల పెద్దలు కొందరు మిషనరీ పట్ల స్నేహంగానే ఉన్నారు. తమ పిల్లలకు బడి కావాలన్నారు, సువార్త వినడానికీ ఇష్టపడ్డారు. ఏ మిషనరీకైనా ఇంతకంటే ఏం కావాలి? పైనున్నవారు వస్తే కిందనున్నవారు వారి వెంటే వస్తారని అప్పటి మిషనరీల్లో చాలామంది లెక్క. ఇంతలో పేరయ్యగారి మనుషులు రావడం మొదలైంది. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌగారు ఎటూ తేల్చుకోలేక బైబిలు తెరిచారు. అదే సమయంలో ఇంకొక గదిలో హారియెట్‌గారు కూడా తన బైబిలు తెరిచారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరి కళ్లూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం మీద, దాని తరువాతి మాటల మీద నిలిచాయి. లోకం లెక్కలో జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదని పౌలు చెప్పే చోటు అది. భార్యాభర్తలు కలుసుకుని మాట్లాడుకున్నాక ఇక సందేహం మిగలలేదు. బడి ఖాళీ అయినా సరే, వచ్చినవారిని తోసివేయకూడదని నిర్ణయించారు.

వచ్చినవారికి ఆయన ఏం ఇచ్చారన్నది కూడా చూడాలి. ముందుగా మూడు షరతులు పెట్టారు. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చదివేటప్పుడు తేలికగానే అనిపిస్తాయి. ఆ రోజుల్లో మాదిగవాడికి ఇవి తేలిక కాదు. ఊరి జాతరలో డప్పు కొట్టడం అతని విధి, అది మానేస్తే ఊరికి కోపం. చచ్చిన గొడ్డు అతనికి ఊరిచ్చే కూలిలో ఒక భాగం. ఆదివారం రానంటే మోతుబరి మిగతా ఆరురోజులు కూడా రావద్దంటాడు. చాలా ఊళ్లలో కరణాలు, మునసబులు పగబట్టారు. నీళ్ల దగ్గరకు రానివ్వలేదు, పని మాన్పించారు, దొంగకేసులు పెట్టారు. బాప్తిస్మం వల్ల ఏమి పోతుందో అందరికీ ముందే తెలుసు. తెలిసే వచ్చారు. పదేళ్లు తిరిగేసరికి ఒంగోలు సంఘం మూడువేలు దాటింది.

ఆ తరువాత కరువు.

1876లో వానలు మొహం చాటేశాయి. పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది ఇదే. 1878 దాకా సాగిన ఈ కరువులో దక్షిణ దేశమంతటా లక్షలాదిమంది చనిపోయారు. గింజలు ఉన్నచోట ధర అందుబాటులో లేదు. ముందుగా పడిపోయింది పాలేల్లోని కూలివారే, ఎందుకంటే పొలంలో పనిలేకపోతే వారికి ఆ పూట తిండి లేదు. పైగా 1877 మొదట్లో ప్రభుత్వం కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కాస్త చిల్లర అనే లెక్కకు దించింది. మట్టి తవ్వే మనిషి ఆ గింజలతో ఎలా బ్రతుకుతాడన్నది అప్పట్లోనే పెద్ద వివాదమైంది.

అప్పుడు ప్రభుత్వం సముద్రం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌగారు అందులో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నారు. మిన్నెసోటాలో నేర్చిన విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. రాజుపాలెం దగ్గర తాటాకు పాకలతో పెద్ద మకాం వెలసింది. సుమారు మూడువేలమంది అక్కడ పనిచేశారు. నూరేసి మందికి ఒక బోధకుణ్ణి మేస్త్రీగా పెట్టారు. మామూలు కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ తిట్టేవాడు, కొట్టేవాడు, కూలిలో కోసుకునేవాడు. ఇక్కడ తిట్లు లేవు, కూలి చేతికందేది. కులమూ మతమూ చూడకుండా వచ్చినవారికల్లా పని ఇచ్చారు. ఈ సంగతి తెలిసి ఎక్కడెక్కడివారో రాజుపాలెం దారిపట్టారు. కలరా వచ్చింది, మనుషులు చనిపోయారు కూడా. అయినా మకాం నిలిచింది.

అలసి గట్టుమీద కూర్చున్నప్పుడు, సాయంకాలం పాకల దగ్గర, బోధకులు వారితో మాట్లాడేవారు. ఎక్కువగా చెప్పినది మత్తయి 11వ అధ్యాయం 28వ వచనం. భారం మోసి అలసినవారిని ప్రభువు తన దగ్గరకు పిలిచే మాట అది. తట్టలు మోసి భుజాలు కాయలు కాచినవారికి ఆ వచనానికి వివరణ అక్కరలేదు. ఊళ్లలో ఎప్పుడో ఒకసారి విని మరచిన సంగతులు ఇక్కడ నెలల తరబడి రోజూ విన్నారు. చాలామంది నమ్మారు. బాప్తిస్మం ఇవ్వమన్నారు.

క్లౌగారు ఒప్పుకోలేదు. తన చేతినుంచి కూలి తీసుకుంటున్న మనిషి తన చేతినుంచే బాప్తిస్మం అడిగితే, ఆ అడగడంలో ఆకలి ఎంత, విశ్వాసం ఎంత? అడిగేవాడికే తెలియకపోవచ్చు. నమ్మకం నిజమైతే కరువు పోయాక కూడా ఉంటుంది కదా, అప్పుడు చూద్దామన్నారు. కాలువ పని ముగిశాక కరువు సహాయనిధుల డబ్బు, విత్తనాలు ఆయన ద్వారానే పంపిణీ అయ్యాయి. సహాయం చేతులు మారుతున్నంతకాలం ఆయన మాట మారలేదు.

ఆయనను ఎంత పొగిడినా ఇది సులువైన నిర్ణయమని నేను అనుకోను. అది కరువు కాలం. అడిగినవారిలో ఎందరో వచ్చే నెలకు బ్రతికి లేరు. బాప్తిస్మం పొందకుండానే చనిపోయారు. బాప్టిస్టులకు రక్షణ నీళ్లలో లేదని తెలుసు, సెమినరీలో నేనూ అదే చదివాను. అయినా మరణపడకమీద ఉన్న మనిషి ప్రభువు సంఘంలో చేర్చమని అడిగితే తరువాత చూద్దామని చెప్పడం ఏ కాపరికైనా నిద్రపట్టే పని కాదు. క్లౌగారు తప్పుచేశారని వాదించేవారు ఉంటే వారి దగ్గర బలం లేదనలేను.

1878 జూన్ మధ్యలో తన బోధకులను వెల్లంపల్లికి రమ్మని కబురుపెట్టారు. ఒంగోలుకు ఉత్తరంగా, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరది. జనాన్ని తీసుకురావద్దని, సహాయం ఇక అయిపోయిందని స్పష్టంగా చెప్పారు. అయినా జనం వచ్చారు. వేలమంది. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండని ఆయన చెబితే, తమకు డబ్బు వద్దని, తవ్వి సంపాదించుకున్నామని, మళ్లీ కరువొచ్చి చస్తే క్రైస్తవులుగా చస్తామని, తమను తోసివేయవద్దని వారు బతిమాలుకున్నారు. అప్పటికి ఆయన చేతిలో డబ్బు లేదు, గింజలు లేవు, పని లేదు. ఆయన 15 నెలలు ఎదురుచూసిన పరిస్థితి సరిగ్గా అదే. ఇక కాదనడానికి కారణం కనబడలేదు.

ఊరి వారీగా కూర్చోబెట్టి, ఆ ఊరి బోధకుడు ఎరిగినవారిని విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు అభిషేకం పొందిన మన తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున. ఉదయం మొదలుపెట్టి, ఎండవేళ ఆపి, మళ్లీ సాయంత్రం దాకా కొనసాగించారు. డిసెంబరు ముగిసేసరికి ఆ ఏడాది మొత్తం 9,606 అయింది.

ఇందులో గొప్పగా చెప్పుకోలేనిది కూడా ఉంది. అంతమందికి నేర్పే మనుషులు లేరు. రామాయపట్నంలో 1872లో ప్రారంభమైన సెమినరీ నుంచి వస్తున్న కొద్దిమంది ఏ మూలకూ చాలలేదు. ఊళ్లకు ఊళ్లు ఏడాదిలో ఒకటి రెండుసార్లు మాత్రమే బోధకుని ముఖం చూసేవి. అమెరికాలోనూ ఇక్కడి మిషనరీల్లోనూ కొందరు వీరిని అన్నంకోసం వచ్చిన క్రైస్తవులని ఎద్దేవా చేశారు. క్లౌగారు మిగిలిన మూడు దశాబ్దాలు ఎక్కువగా ఆ లోటును పూడ్చడానికే, బడులు పెట్టడానికీ, ఊరి పెద్దలను తర్ఫీదు చేయడానికీ, ఈ విశాలమైన క్షేత్రాన్ని పంచుకునే మిషనరీలను రప్పించడానికీ ఖర్చుపెట్టారు. 1893లో హారియెట్‌గారు కన్నుమూశారు. మరుసటి ఏడు ఎమ్మా రౌషెన్‌బుష్‌గారిని వివాహమాడారు. చివరి సంవత్సరాల్లో నడవలేని స్థితిలో ఉండి కూడా ఒంగోలు విడవలేదు. 1910లో స్వదేశానికి తీసుకువెళ్లారు. ఆ నవంబరు 24న రోచెస్టర్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పగా ఎమ్మాగారు రాసిన జీవితకథ 1914లో వెలువడింది.

ఇప్పుడు నా కారణం.

మిచౌంగ్ తుపాను తరువాత మా సంఘం కొన్ని కుటుంబాలకు బియ్యం, దుప్పట్లు ఇచ్చింది. ఖర్చులో కొంత ఒక దాత సంస్థ భరించింది. వారు పంపిన రిపోర్టు ఫారంలో ఎన్ని బస్తాలు పంచారు అనే గడి కిందనే ఎందరు ప్రభువును అంగీకరించారు అనే గడి ఉంది. ఆ రెండు గడులు ఒకే కాగితం మీద ఎందుకున్నాయని నేను అడగలేదు. మొదటి గడి నింపి, రెండోది ఖాళీగా వదిలి పంపించాను. ఫోన్ చేసి ఆ అంకె కూడా కావాలన్నారు. ఇంకా తెలియదని చెప్పాను. మరుసటి ఏడు వారి దగ్గరనుంచి ఏమీ రాలేదు. ఇది చెప్పుకుని మెప్పు పొందాలని కాదు. దానికి ముందు చాలా ఏళ్లు అలాంటి గడులను నా చేత్తోనే నింపాను. బియ్యం బస్తా అందుకుంటున్న విధవరాలి ముఖం కెమెరా వైపు తిప్పించింది కూడా నేనే. మనమీద ప్రలోభం అనే నింద వేసేవారిలో అబద్ధీకులు ఉన్నారు, ద్వేషం ఉన్నవారూ ఉన్నారు. కానీ ఆ ఫోటోలు వారు తీసినవి కావు.

బాప్తిస్మం తీసుకునే దళిత యువకుడికి ఈ రోజు పోయేది ఊరి డప్పు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అతని కుల ధ్రువపత్రం, దానితోపాటు చదువులో, ఉద్యోగంలో రిజర్వేషను పోతాయి. ఈ సంగతి అతనికి నీళ్లలో దిగకముందే చెప్పే సువార్తికులు మనలో ఎందరు? క్లౌగారి మూడు షరతులు కఠినమనిపిస్తే అనిపించవచ్చు. అవి ముందు చెప్పినవి.

మా సంఘానికి వచ్చే ఒక అబ్బాయి తల్లి ఆపరేషనుకు నిరుడు విశ్వాసులు చందా వేసుకుని డబ్బు కట్టారు. ఆమె కోలుకుంది. ఆ నెలలోనే అతను బాప్తిస్మం అడిగాడు. నేను ఆగమన్నాను. డబ్బు సంగతి మరచిపో, మాకు నువ్వేమీ బాకీ లేవు, ఇంకా వాక్యం విను, ఏడాది తరువాత కూడా ఇదే మాట అనాలనిపిస్తే రా అని చెప్పాను. సంఘపెద్దలలో ఇద్దరికి ఇది నచ్చలేదు. వచ్చినవాణ్ణి పోగొట్టుకుంటామన్నారు. వాళ్లన్నది నిజం కావచ్చని ఇప్పటికీ నాకు భయంగానే ఉంది, ఆ భయంతోనే ఈ వారం క్లౌగారి కథ మళ్లీ తీసి చదివాను.

ఏడాది ఇంకా పూర్తికాలేదు. పోయిన ఆదివారం కూడా వచ్చాడు. ఆరాధన అయ్యాక చాపలు చుట్టి లోపల పెట్టి, తల్లిని బండి ఎక్కించుకుని వెళ్లాడు.